వాహన సస్పెన్షన్‌లో మిశ్రమ పదార్థ హైడ్రాలిక్ అక్యుములేటర్లు

నిర్వచనం

హైడ్రాలిక్ అక్యుములేటర్ అంటే పీడనంలో ఉన్న నూనెను నిలవ ఉంచి, అవసరమైనప్పుడు తిరిగి ఇచ్చే పాత్ర. సంచాయకం అనే మాట పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది గాని వాడుకలో అక్యుములేటరే నిలిచింది. నూనె దాదాపుగా నొక్కుకుపోదు. అందుకని పాత్రలో ఒక వైపు నైట్రోజన్ వాయువును బంధిస్తారు. నూనె లోపలికి వచ్చినకొద్దీ వాయువు కుంచించుకుంటుంది, నూనె వెళ్లిపోతే వ్యాకోచిస్తుంది. స్ప్రింగు పని ఇలా వాయువు చేస్తుంది.

ఈ పాత్రను పూర్తిగా ఉక్కుతో కాక, లోహం లేదా ప్లాస్టిక్ లోతొడుగు మీద రెజిన్‌లో ముంచిన కార్బన్ లేదా గాజు తంతువులను చుట్టి చేస్తే అది మిశ్రమ పదార్థ అక్యుములేటర్. వాహనంలో అక్యుములేటర్‌కు మూడు రకాల పనులుంటాయి. చక్రానికి స్ప్రింగుగా ఉండటం మొదటిది. వాహనం ఎత్తును సరిచేసే వ్యవస్థకు పీడన నిలవగా ఉండటం రెండవది. పంపు నుంచి వచ్చే పీడనపు అదురును అణచటం మూడవది. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి రెండింటి గురించి.

పనిచేసే తీరు

ద్రవ-వాయు సస్పెన్షన్‌లో చక్రపు చేయి ఒక సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. సిలిండర్‌లోని నూనె ఇరుకైన కవాటం గుండా అక్యుములేటర్‌లోకి పోతుంది. ఆ ఇరుకు దారే షాక్ అబ్జార్బర్ పని చేస్తుంది. అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ రెండూ ఒకే చోట ఉంటాయి.

వాయువు ప్రవర్తనకు బాయిల్ నియమం ఆధారం. నెమ్మదిగా నొక్కితే పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదు. గతుకులో పడ్డప్పుడు నొక్కుడు క్షణంలో జరిగిపోతుంది, వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. అప్పుడు ఘనపరిమాణానికి ఘాతం వేయాలి. నైట్రోజన్ విషయంలో ఆ ఘాతం ఆదర్శ స్థితిలో 1 నుంచి 1.4 మధ్య ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. అర లీటరు గోళంలో 50 బార్ పీడనంతో నైట్రోజన్ నింపాం, పిస్టన్ వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. చక్రం మీద 7,500 న్యూటన్ల బరువు పడితే, అంటే సుమారు 765 కిలోలు, పీడనం 75 బార్‌కు చేరి వాయువు 0.33 లీటర్లకు కుదించుకుంటుంది. ఘాతం 1.3గా తీసుకుంటే స్ప్రింగు బిగువు మీటరుకు సుమారు 29,000 న్యూటన్లు. వాహనం సెకనుకు దాదాపు ఒక్కసారి ఊగుతుంది. మనిషి ఒంటికి హాయిగా ఉండే ఊపు ఇది.

బరువు రెట్టింపైతే పీడనం 150 బార్‌కు, వాయువు 0.17 లీటర్లకు చేరతాయి. బిగువు రెండు రెట్లు కాక నాలుగు రెట్లవుతుంది. ఉక్కు స్ప్రింగుతో దీనికి ఉన్న తేడా ఇక్కడే ఉంది. బిగువు మారని ఉక్కు స్ప్రింగు మీద బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. వాయువును బంధించిన గోళంలో బరువు పెరిగితే ఊపు వేగం పుంజుకుంటుంది. పంపుతో నూనె చేర్చి ఎత్తును సరిచేసినా ఈ గుణం పోదు, ఎందుకంటే లోపలి నైట్రోజన్ పరిమాణం అంతే ఉంటుంది. ఎయిర్ సస్పెన్షన్‌లో గాలినే చేర్చడం, తీయడం వల్ల ఊపు దాదాపు స్థిరంగా ఉంటుంది (చూ. ఎయిర్ సస్పెన్షన్). ఖాళీ బండికి, పూర్తి లోడుకు మధ్య తేడా ఎక్కువగా ఉండే సరకు లారీకి ద్రవ-వాయు పద్ధతి సులువుగా అమరకపోవడానికి ఇదొక కారణం. వేర్వేరు పీడనాలతో రెండు అక్యుములేటర్లు పెట్టి దీన్ని కొంత సర్దుతారు. తక్కువ పీడనపుది ఖాళీ బండికి, ఎక్కువ పీడనపుది లోడుకు.

ఉష్ణోగ్రత ప్రభావమూ లెక్కలోకి వస్తుంది. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద 50 బార్‌కు నింపిన గోళం 45 డిగ్రీల ఎండలో 55 బార్‌కు చేరుతుంది. అందుకే నింపుడు పీడనం చెప్పేటప్పుడు ఏ ఉష్ణోగ్రత వద్దో కూడా చెప్పాలి.

చరిత్ర

మొదటి అక్యుములేటర్లలో వాయువు లేదు. ఇంగ్లండులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1850ల తొలినాళ్లలో రేవు క్రేన్ల కోసం చేసినది నిలువు సిలిండర్ మీద టన్నుల కొద్దీ బరువు పేర్చిన కట్టడం. దాన్ని బండి మీద పెట్టడం ఊహకు అందే పని కాదు. వాయువు నింపిన పాత్రలు వచ్చాకే వాహనాల్లో అక్యుములేటర్‌కు చోటు దొరికింది.

రోడ్డు మీదికి ద్రవ-వాయు సస్పెన్షన్‌ను తెచ్చినది ఫ్రెంచి సంస్థ సిట్రోయెన్. పాల్ మాజెస్ రూపొందించిన ఈ పద్ధతిని 1954లో ట్రాక్షన్ అవాంట్ 15-సిక్స్ హెచ్ కారు వెనుక చక్రాలకు అమర్చారు. 1955లో వచ్చిన డీఎస్ కారు నాలుగు చక్రాలకూ ఇదే. పిడికిలి కంటే కాస్త పెద్దవైన ఉక్కు గోళాలు, వాటి మధ్య రబ్బరు పొర, ఒక వైపు నైట్రోజన్, మరో వైపు నూనె. 1960ల మధ్యలో, అప్పటిదాకా వాడిన ఎర్ర ద్రవం స్థానంలో ఆకుపచ్చ ఖనిజ నూనె వచ్చాక తుప్పు సమస్య తగ్గింది. రోల్స్-రాయిస్ తన 1965 నాటి సిల్వర్ షాడోలో ఎత్తు సరిచేసే ఏర్పాటును సిట్రోయెన్ లైసెన్సుతో వాడింది. మెర్సిడెస్ 1975లో 450 ఎస్ఈఎల్ 6.9 కారుకు తనదైన ద్రవ-వాయు పద్ధతిని ఇచ్చింది. సిట్రోయెన్ గోళాల పరంపర సీ5 కారుతో 2017లో ముగిసింది.

బ్రిటన్‌లో అలెక్స్ మౌల్టన్ దారి వేరు. 1962లో వచ్చిన హైడ్రోలాస్టిక్‌లో రబ్బరు స్ప్రింగు, ద్రవం ఉండేవి. 1973లో ఆస్టిన్ అలెగ్రోతో వచ్చిన హైడ్రాగ్యాస్‌లో రబ్బరు బదులు నైట్రోజన్ చేరింది. పంపు లేకుండా ముందు, వెనుక చక్రాలను ద్రవపు గొట్టంతో కలపడం దీని ప్రత్యేకత.

యుద్ధ వాహనాలు ఈ పద్ధతిని విడవకుండా పట్టుకున్నాయి. స్వీడన్ ఎస్-ట్యాంకులో ఫిరంగి గొట్టం దేహానికి బిగించి ఉంటుంది. గురి పెట్టడానికి సస్పెన్షన్‌నే పైకీ కిందికీ కదిపేవారు. భారత్‌లో ఆవడిలోని యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ (సీవీఆర్డీఈ) రూపొందించిన అర్జున్ ట్యాంకుకు రెండు వైపులా ఏడేసి చక్రాలున్నాయి. ప్రతి చక్రానికీ ద్రవ-వాయు సస్పెన్షన్ ఉంది. తెలంగాణలోని మెదక్ ఆయుధ కర్మాగారంలో (యెద్దుమైలారం) తయారయ్యే బీఎంపీ-2 శరత్ వాహనం మాత్రం మెలితిరిగే ఉక్కు కడ్డీల మీద, అంటే టార్షన్ బార్ల మీద నడుస్తుంది.

రేసింగ్‌లో లోటస్ 1987లో 99టీ కారుకు, విలియమ్స్ 1992లో ఎఫ్‌డబ్ల్యూ14బీ కారుకు కంప్యూటర్ నడిపే క్రియాశీల సస్పెన్షన్ పెట్టాయి. పంపు ఒక్కటే అప్పటికప్పుడు అంత నూనె ఇవ్వలేదు గనుక అటువంటి వ్యవస్థల్లో అక్యుములేటర్ తప్పనిసరి. 1994 నుంచి ఫార్ములా వన్‌లో క్రియాశీల సస్పెన్షన్‌ను నిషేధించారు.

మిశ్రమ పాత్రల పుట్టుక వేరే చోట జరిగింది. రాకెట్ మోటారు కవచాలు, అగ్నిమాపక సిబ్బంది వీపున మోసే శ్వాస సిలిండర్లు, ఆ తరువాత సీఎన్‌జీ బండ్ల ట్యాంకులు వీటి పూర్వీకులు. 2006లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ యూపీఎస్ పార్శిల్ బండితో హైడ్రాలిక్ హైబ్రిడ్‌ను ప్రదర్శించింది. బ్రేకు వేసినప్పటి శక్తిని నూనె పీడనంగా దాచి, బండి కదిలేటప్పుడు తిరిగి వాడటం ఆ పద్ధతి. అంత శక్తి దాచే ఉక్కు పాత్రలు బండికి భారమవుతాయి గనుక తేలికపాటి అక్యుములేటర్ల మీద ఆసక్తి అక్కడ గట్టిపడింది. సస్పెన్షన్‌లోకి అవి అటునుంచే పాకుతున్నాయి. మార్కెట్టులోకి వచ్చిన ద్రవ-వాయు కార్లలో మాత్రం ఉక్కు గోళానిదే రాజ్యం.

రకాలు

లోపల వాయువును నూనెను వేరుచేసే తీరును బట్టి మూడు రకాలు. రబ్బరు సంచిలో వాయువుండేది బ్లాడర్ రకం. అడ్డంగా సాగే పొర ఉండేది డయాఫ్రం రకం, సిట్రోయెన్ గోళాలు దీని కిందికే వస్తాయి. కదిలే ముషలకం ఉండేది పిస్టన్ రకం. పిస్టన్ రకానికి లోపలి గోడ నున్నగా, కచ్చితమైన వ్యాసంతో ఉండాలి. పీడనానికి మిశ్రమ గోడ ఉబ్బి సీలు కారే అవకాశం ఉంది గనుక మిశ్రమ పదార్థానికి బ్లాడర్ రకమే ఎక్కువ అనుకూలం.

గోడ నిర్మాణాన్ని బట్టి పీడన పాత్రలకు టైపు అంకెలున్నాయి. మొత్తం లోహమైతే టైపు 1. నడుము భాగానికి మాత్రం తంతువు చుడితే టైపు 2. లోహపు లోతొడుగు మీద పూర్తిగా చుడితే టైపు 3. లోతొడుగు ప్లాస్టిక్ అయితే టైపు 4. లోతొడుగే లేకపోతే టైపు 5. తేలికపాటి అక్యుములేటర్లలో టైపు 3, టైపు 4 ముఖ్యం.

నిర్మాణం, తయారీ

తిరిగే లోతొడుగు మీద రెజిన్ తడిసిన తంతువుల పట్టీని బిగువుగా చుట్టడమే తంతు చుట్టుడు. గొట్టం ఆకారపు పాత్రలో చుట్టుకొలత దిశలో పడే ఒత్తిడి పొడవు దిశలో కంటే రెట్టింపు. ఒకే కోణంలో చుట్టాలంటే ఆ రెండింటికీ సరిపోయే కోణం 54.7 డిగ్రీలు. ఆచరణలో పొడవు వైపు వాలిన చుట్లు కొన్ని, నడుము చుట్లు కొన్ని కలిపి చుడతారు. తరువాత ఓవెన్‌లో రెజిన్‌ను గట్టిపరుస్తారు.

లోహపు లోతొడుగు ఉన్న పాత్రలను తయారయ్యాక ఒకసారి పని పీడనానికి మించి నొక్కుతారు. లోతొడుగు శాశ్వతంగా కాస్త సాగుతుంది, తంతువులు సాగి వెనక్కి వస్తాయి. పీడనం తీసేశాక లోతొడుగు తంతువుల నొక్కుడులో ఉండిపోతుంది. ఆటోఫ్రెట్టేజ్ అనే ఈ ప్రక్రియ వల్ల లోతొడుగుకు పగుళ్లు ఆలస్యంగా పుడతాయి. అల్యూమినియంతో కార్బన్ నేరుగా తగిలితే తేమలో అల్యూమినియం తినేసుకుపోతుంది. అందుకు మధ్యలో గాజు తంతువు పొర వేస్తారు.

ఈ పనితనం తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాదులోని డీఆర్డీవో సంస్థ అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ అగ్ని క్షిపణులకు మిశ్రమ పదార్థ మోటారు కవచాలు చేస్తుంది. 2012 ఏప్రిల్ 19న తొలిసారి పరీక్షించిన అగ్ని-5 పై దశల్లో అవి ఉన్నాయి. అబ్దుల్ కలాం హైదరాబాదులో ఉన్నప్పుడు నిమ్స్ ఆసుపత్రి పోలియో పిల్లల కోసం చేయించిన తేలిక కాలిపర్ల మూలం కూడా క్షిపణి పదార్థమే. అయితే రాకెట్ కవచం ఒక్కసారి పీడనం భరిస్తే చాలు. సస్పెన్షన్ పాత్ర లక్షల గతుకులు భరించాలి. ఈ రెండు అవసరాల మధ్య దూరం పెద్దది.

బరువు లెక్క

సాంద్రతలు చూస్తే తేడా తెలుస్తుంది. ఉక్కు ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7, గాజు మిశ్రమం సుమారు 2, కార్బన్ మిశ్రమం సుమారు 1.6.

350 బార్ పీడనం పట్టే 10 లీటర్ల గొట్టపు పాత్రను తీసుకుందాం. పగిలే పీడనం పని పీడనానికి నాలుగు రెట్లు ఉండాలని, ఉక్కు బలం 900 మెగాపాస్కల్స్ అని అనుకుంటే గోడకే దాదాపు 24 కిలోల ఉక్కు కావాలి. అదే నియమంతో, 2,000 మెగాపాస్కల్స్ బలమున్న కార్బన్ పట్టీతో ఆదర్శంగా చుడితే మూడు కిలోల చిల్లర. లోతొడుగు, రెండు చివర్ల లోహపు మూతిముక్కలు, అలసటకు వేసే అదనపు పొరలు, రాళ్ల దెబ్బకు పై కప్పు చేర్చితే ఈ అంకె రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అయినా సగానికి పైగా బరువు ఆదా అవుతుంది.

ఇదే లెక్క 180 బార్ల అర లీటరు ఉక్కు గోళానికి వేస్తే గోడ బరువు కిలో కూడా దాటదు. అందులో ఎంత మిగిల్చినా కారుకు తేడా తెలియదు. కాబట్టి మిశ్రమ అక్యుములేటర్ విలువ గోళం పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పెద్ద నిలవ, ఎక్కువ పీడనం కావాల్సిన క్రియాశీల సస్పెన్షన్లలో, బహుళ యాక్సిళ్ల బండ్లలో, యుద్ధ వాహనాల్లో ప్రయోజనం ఉంది. చిన్న కారులో ప్రచారానికే ఎక్కువ పనికొస్తుంది. పాత్ర ఎక్కడ బిగించారన్నదీ చూడాలి. ఛాసిస్‌కు బిగిస్తే తగ్గిన బరువు సరకు మోయడానికి పనికొస్తుంది గాని చక్రం నేలను అంటిపెట్టుకునే తీరు మెరుగుపడదు. ఆ మెరుగుదలకు చక్రంతో పాటు కదిలే బరువు తగ్గాలి.

మన్నిక, పరిమితులు

కార్బన్ తంతువు అలసటకు బాగా ఓరుస్తుంది. ముందు ఓడేది లోతొడుగు, దాని వెల్డింగులు, మూతిముక్క అతుకులు. గాజు తంతువు ఏళ్ల తరబడి లాగుడులో ఉంటే హఠాత్తుగా తెగే గుణం ఉంది గనుక దానికి భద్రతా గుణకం ఎక్కువ పెడతారు.

చక్రం విసిరిన రాయి ఉక్కు పాత్రకు సొట్ట పెడుతుంది, సొట్ట కంటికి కనిపిస్తుంది. మిశ్రమ గోడ పైకి చెక్కుచెదరనట్టుండి లోపల పొరలు విడిపోవచ్చు. టైపు 4 పాత్రల్లో ప్లాస్టిక్ గుండా నైట్రోజన్ నెమ్మదిగా ఇంకి బయటికి పోతుంది. ఉక్కు గోళంలోనూ రబ్బరు పొర గుండా వాయువు నూనెలోకి ఇంకుతుంది. ఏ పద్ధతిలోనైనా కొన్నేళ్లకోసారి వాయువు నింపడం తప్పదు.

మిశ్రమ గోడ వేడిని సరిగా బయటికి పోనివ్వదు. గతుకుల దారిలో వాయువు వేడెక్కుతూ పోతే స్ప్రింగు బిగుసుకుంటుంది, రెజిన్ మెత్తబడే ఉష్ణోగ్రతకు దగ్గరవుతుంది. అందుకే సైలెన్సర్ పక్కన ఈ పాత్రను అమర్చకూడదు.

సాలూరు, ఉత్తరాంధ్ర రవాణా సందర్భం

లారీల ఊరుగా విజయవాడ తరువాత సాలూరునే చెప్పుకుంటారు. వేగావతి ఒడ్డున ఉన్న ఈ పట్టణం 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలో, ఆ తరువాత విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పూర్వం 43వ నంబరుగా పిలిచిన, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి సాలూరు దాటగానే పాచిపెంట మండలం పి.కోనవలస ఘాట్ ఎక్కి ఒడిశాలోని పొట్టంగి, సునాబేడ, కోరాపుట్ వైపు సాగుతుంది. విశాఖ రేవు నుంచి కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్‌లకు సరకు మోసే లారీల దారి ఇది.

ఈ లారీల్లో సస్పెన్షన్ అంటే కమాన్ కట్ట (చూ. కమాన్ కట్ట). వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టు, యాక్సిల్ దగ్గర యూ-బోల్టులు బిగిస్తారు. వెనుక యాక్సిల్‌కు లోడు పడ్డప్పుడే పనిలోకి దిగే సహాయక కట్ట ఉంటుంది. బరువును మోయడంతో పాటు యాక్సిల్‌ను చోటు తప్పకుండా పట్టుకునేదీ కమాన్ కట్టే. పట్టీల రాపిడి కొంత ఊపును కూడా అణుస్తుంది. ఘాట్ మలుపులో ఒక పట్టీ విరిగినా బండి నెమ్మదిగా సాలూరు చేరుతుంది, ఇక్కడి మెకానిక్ షెడ్డులో విరిగిన పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు. అక్యుములేటర్ ఖాళీ అయితే ఆ చక్రానికి స్ప్రింగే ఉండదు. పైగా అది యాక్సిల్‌ను పట్టుకోదు గనుక రాడ్లు, చేతులు విడిగా కావాలి. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచినప్పుడు మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. సస్పెన్షన్‌లో ఇరవై ముప్పై కిలోలు తగ్గించుకుంటే వచ్చే లాభం ఆ 3.5 టన్నుల పక్కన లెక్కలోకి రాదు. కమాన్ కట్ట నిలిచి ఉండటానికి అలవాటు కంటే ఈ లెక్కే పెద్ద కారణం.

పెద్ద యంత్రాలను మోసే మాడ్యులర్ హైడ్రాలిక్ ట్రైలర్లను ద్రవ-వాయు సస్పెన్షన్‌తో కలిపి చూడకూడదు. ఒక్కో యాక్సిల్ వరుసకు 18 టన్నుల దాకా అనుమతి ఉన్న ఆ ట్రైలర్లలో సిలిండర్లను నూనె గొట్టాలతో మూడు నాలుగు సమూహాలుగా కలుపుతారు. ఒక చక్రం గుంటలో దిగితే పక్క సిలిండర్ల నుంచి నూనె అటు పారి బరువు సమం అవుతుంది. అక్కడ స్ప్రింగు కంటే సమతూకం ప్రధానం.

తెలుగు రాష్ట్రాల్లో ద్రవ-వాయు సస్పెన్షన్ నిత్యం పనిచేసే చోటు సింగరేణి ఉపరితల గనులు. అక్కడ తిరిగే 100 టన్నుల తరగతి డంపర్లలో సస్పెన్షన్ సిలిండర్‌లోనే నూనె, నైట్రోజన్ రెండూ ఉంటాయి. అంటే స్తంభమే అక్యుములేటర్. నూనె మట్టం సరిచేసి, నైట్రోజన్ నింపుతూ, బయటికి కనిపించే రాడ్ పొడవు కొలిచి సెట్ చేస్తారు. ఆ స్తంభం పక్కనుంచి పడే తోపులను, బండరాళ్ల దెబ్బలను కూడా మోయాలి గనుక అది మందపాటి ఉక్కే. ట్రాక్టర్ల ముందు యాక్సిళ్లు, మొబైల్ క్రేన్లు, లోడర్ల చేతుల ఊపు తగ్గించే అమరికలు అక్యుములేటర్‌ను విడిగా పెట్టే యంత్రాలు. మిశ్రమ పాత్రకు ముందుగా చోటు దొరికేది ఇటువంటి వాటిలోనే.

కమాన్ కట్టలోకి మాత్రం మిశ్రమ పదార్థం ఎప్పుడో వచ్చింది. 1981 నాటి షెవర్లే కార్వెట్ వెనుక చక్రాలకు గాజు తంతువుతో చేసిన ఒకే పట్టీ స్ప్రింగు వాడారు (చూ. మిశ్రమ పదార్థ పట్టీ స్ప్రింగు).

నింపుడు, భద్రత, నిబంధనలు

అక్యుములేటర్‌లో నైట్రోజన్ తప్ప మరేదీ నింపకూడదు. గ్యాస్ కటింగ్ కోసం ప్రతి షెడ్డులోనూ ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది. దాన్ని అక్యుములేటర్‌కు తగిలిస్తే నూనెతో కలిసి పేలుతుంది. మామూలు గాలిని ఎక్కువ పీడనానికి నొక్కినా నూనె ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. టైర్ల దుకాణంలో దొరికే నైట్రోజన్‌కు ఈ పనికి కావలసినంత పీడనం ఉండదు. నూనె వైపు పీడనం పూర్తిగా దించాకే వాయువు పీడనం కొలవాలి. ఇంజను ఆపినంత మాత్రాన అక్యుములేటర్ ఖాళీ కాదు. గొట్టం విప్పే ముందు కవాటం ద్వారా నూనెను ట్యాంకులోకి వదలాలి. మిశ్రమ పాత్ర మీద వెల్డింగు, గ్రైండింగు, రంగు కాల్చి తీయడం నిషిద్ధం.

ఐరోపాలో వాయువు నింపిన అక్యుములేటర్లకు ఈఎన్ 14359 ప్రమాణం, అమెరికాలో తంతు మిశ్రమ పీడన పాత్రలకు ఏఎస్ఎంఈ సంహిత పదవ భాగం వర్తిస్తాయి. మిశ్రమ వాయు సిలిండర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11119. భారత్‌లో వాయు సిలిండర్లు 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి. వాటిని అమలు చేసేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, పెసో. తయారీలో పాత్రల నమూనాలను పగిలేదాకా నొక్కే పరీక్ష, వేల సార్లు పీడనం ఎక్కించి దించే పరీక్ష, పై నుంచి పడేసే పరీక్ష చేస్తారు. తయారీదారు ముద్రించిన వాడకపు గడువు దాటిన మిశ్రమ పాత్రను, పైకి బాగానే కనిపించినా, పీడనం తీసేసి పక్కన పెట్టాలి.